రిలీవరు వచ్చెను

మా ఊరికి తుఫాను రాదు. ఇది నా ఒక్కడి మాట కాదు, ఊరందరి మాట. రేవులో మూడో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేసినా, పదో నంబరు ఎగరేసినా విశాఖపట్నం వాడు దుప్పటి కాస్త పైకి లాక్కుంటాడే తప్ప మంచం దిగడు. ఎందుకు దిగాలి? సముద్రంలోకి ముక్కు దూర్చుకుని డాల్ఫిన్ నోస్ కొండ కూర్చుని ఉంది కదా! తుఫాను ఇలా వస్తుంది, కొండని చూస్తుంది, సిగ్గుపడి ఒడిశాకో బందరుకో మళ్ళిపోతుంది. ఇదీ మేం తాతల నాటి నుంచి చదువుకున్న వాతావరణ శాస్త్రం. అది చాలదన్నట్టు రేవు మొగ దగ్గర మూడు గుట్టలు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఇంత బందోబస్తు ఉన్న ఊళ్ళో అడుగు పెట్టాలంటే తుఫానుకి ముగ్గురి దగ్గరా గేటు పాసు కావాలి. పక్క జిల్లాలు కొట్టుకుపోతుంటే మేం బీచిరోడ్డులో మిరపకాయ బజ్జీలు తింటూ కెరటాలు చూసి వచ్చేవాళ్ళం.

అలాంటి ఊరికి ఓ ఏడాది హుద్‌హుద్ అని ఒకటి వస్తోందన్నారు. అది ఒక పిట్ట పేరని టీవీలో చెప్పారు. పిట్టే కదా అని నవ్వుకున్నాం.

అప్పుడు నేను ఫిషింగ్ హార్బరులో ఒక ఐసు ప్లాంటులో ఆపరేటర్ని. మాట పెద్దగా వినిపిస్తుంది గానీ పని చిన్నదే. బోట్లకి ఐసు దిమ్మలు తయారయ్యే రేకుల షెడ్డులో కూర్చుని, గంటగంటకీ మీటర్లు చూసి లాగ్ పుస్తకంలో ఎక్కించాలి. అక్కడ పైపుల్లో తిరిగేది అమ్మోనియా గ్యాసు. పైపుల్లో ఉన్నంతసేపు బుద్ధిగా ఐసు చేస్తుంది. బయట పడిందంటే మనుషుల కళ్ళూ ఊపిరితిత్తులూ తినేస్తుంది. అందుకని ఆ షెడ్డు ఒక్క నిమిషం కూడా మనిషి లేకుండా ఉండకూడదు. ఉన్నది ఇద్దరం ఆపరేటర్లం. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నేను, అక్కణ్ణుంచి తెల్లారేదాకా మా బావ.

బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. విజయనగరం అవతల మా పల్లెలో చోడి చేను, అదే రాగి చేను, వదిలేసి పనికోసం వచ్చిన మనిషి ఆయన. బోట్లకి ఐసు మోసే కూలీగా చేరి, ఏళ్ళ తరబడి మోసి, చూసి, నేర్చుకుని ఆపరేటరయ్యాడు. ఆ తర్వాత ఊళ్ళో ఖాళీగా తిరుగుతున్న నన్ను తీసుకొచ్చి మేనేజరు ముందు నిలబెట్టి, "మా బామ్మర్దండి. ఆడికి నాది పూసీ," అన్నాడు. మీటరు చదవడం, వాల్వు తిప్పడం, పుస్తకం రాయడం అన్నీ ఆయనే నేర్పాడు. పల్లెలో బడికి పంపిస్తే చింతకాయలు కొట్టుకున్న రకాన్ని నేను. నా రాత చూసి, పాత లాగ్ పుస్తకం ఒకటిచ్చి, తన అక్షరాల మీదే దిద్దించాడు. అందుకే నా అక్షరాలు కూడా ఆయన అక్షరాల్లాగే ఎడమ వైపుకి వాలి నిలబడతాయి.

షిఫ్టుల మీద బతికే ఊళ్ళో దేవుడి కంటే పెద్దవాడు రిలీవరు. స్టీలు ప్లాంటయినా, రేవయినా, మా ఐసు షెడ్డయినా తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడితేనే ముందు మనిషి దిగాలి. ఏ వీధిలో ఏ ఇల్లాలిని ‘మీ ఆయన రాలేదేం’ అనడిగినా ‘రిలీవరు రాలేదట’ అనే జవాబొస్తుంది. మా పుస్తకంలో షిఫ్టు మారినప్పుడల్లా రాయాల్సిన ముక్క ఒకటుండేది. ‘రిలీవరు వచ్చెను. డ్యూటీ అప్పగించితిని.’ ఏ కాలపు గుమాస్తా మొదలుపెట్టాడో గానీ అందరం ఆ గ్రాంథికాన్నే భక్తిగా ఎక్కించేవాళ్ళం. కింద దిగేవాడిదీ ఎక్కేవాడిదీ సంతకాలు.

ఇందులో ఒక చిక్కుంది. వచ్చెను అని రాయాలంటే ఆ వెధవ రావాలి. కొత్త సినిమా విడుదలైన రోజున రానందుకు ఒక మెమో, డ్యూటీలో గురకపెట్టినందుకు ఇంకో మెమో అప్పటికే నా పేరున ఉన్నాయి. మూడో మెమో అంటూ వస్తే దాంతోపాటే ఇంటికి పొమ్మని మేనేజరు చెప్పేశాడు. అందుకని నేను అరగంటో గంటో ఆలస్యమైతే, బావ ఆరింటికల్లా రిలీవరు వచ్చెను అని రాసి, నా సంతకం కూడా తనే గీకి, నేను వచ్చేదాకా నా డ్యూటీ చేసేవాడు. వచ్చాక తిట్టేవాడా అంటే అదీ లేదు. "తిన్నావేటి?" అనడిగి సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. ఇలాంటి బావ దొరికాక ఎవడు బాగుపడతాడు చెప్పండి!

తుఫాను వచ్చింది ఆదివారం. ముందు రోజు సాయంత్రమే బావ డ్యూటీకెళ్ళాడు. పొద్దున్నే అయిదున్నరకి అప్ప నన్ను లేపింది. పాతబస్తీలో ఒక మేడ మీద రేకుల వాటాలో ముగ్గురం ఉండేవాళ్ళం. హార్బరు సైకిలు మీద పావుగంట. బయట గాలి ఈల వేస్తోంది, వాన ఏటవాలుగా కొడుతోంది. అయినా పాలవాడు వచ్చి ప్యాకెట్టు ఇచ్చి వెళ్ళాడు. పాలవాడు రాగలిగిన గాలిలో నేనూ వెళ్ళగలను. ఇది అప్పుడు నాకు తోచలేదని అనను. తోచింది, అటు తిరిగి పడుకున్నాను.

"లేరా, ఆరవతంది. మీ బావ ఎదురు సూత్తంటాడు," అంది అప్ప.

"తుఫానే! పదో నంబరు ఎగరేసీసారు. బయటికి రావద్దని పోలీసోలు మైకుల్లో సెప్తన్నారు," అన్నాను దుప్పట్లోంచి.

"మరి అక్కడ మీ బావో?"

"ఆయనకేటవతాది? కొండుంది గదే!"

చూశారా సంబడం? నాకైతే పదో నంబరు తుఫాను. బావకైతే కొండ అడ్డం. రెండూ ఒకే నోట్లోంచి, ఒకే దుప్పట్లోంచి, ఊపిరి కూడా తిప్పుకోకుండా వచ్చాయి.

ఆరింటికి బావే ఫోను చేశాడు. "వత్తన్నావా?"

"గాలి సూసేవా బావా? కూసింత తగ్గనీ, వత్తాను."

అటు గాలి హోరు వినబడింది. "సరే, జాగర్త. ఆ బియ్యం డబ్బా మంచం కిందకి తొయ్యమని మీ అప్పకి సెప్పు. రేకులు కారతాయి," అని పెట్టేశాడు. తను రేకుల షెడ్డులో అమ్మోనియా పక్కన కూర్చుని మా బియ్యం గురించి చెప్పాడు మహానుభావుడు. ఎనిమిదింటికల్లా ఫోన్లన్నీ చచ్చిపోయాయి. అందుకని ఆ రోజు ఫోనులో మా మధ్య అదే ఆఖరి మాట.

తొమ్మిది దాటాక మా రేకు ఒకటి లేచి వెళ్ళిపోయింది. ఎక్కడికెళ్ళిందో ఇప్పటికీ తెలీదు. రెండోది లేస్తుంటే నేనూ అప్పా బియ్యం డబ్బాతో సహా మెట్లు దిగి, మా ఇంటి ఓనరు కొట్టులో పడ్డాం. ఆయన రేకుతో ట్రంకుపెట్టెలు చేసే ముసలాయన. అందరం భాయి అనేవాళ్ళం. షట్టరు దించి, దానికి నాలుగు పెట్టెలు అడ్డం పెట్టి, ఆయన లోపలే కూర్చున్నాడు. గాలి గుద్దినప్పుడల్లా కొట్టులో పెట్టెలన్నీ ఒక్కసారిగా మోగేవి. భాయి తస్బీ పూసలు తిప్పుతున్నాడు. అప్ప సింహాద్రప్పన్నని పిలుస్తోంది. నేను ఆ మూడు గుట్టల వాళ్ళనీ వరసపెట్టి పిలిచి, ఎవరికీ తక్కువ చెయ్యకుండా మొక్కులు మొక్కాను. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న కదా!

"భాయ్, కొండున్నాది గదా, మనకి రాదన్నారు గదా," అన్నాను ఉండబట్టలేక.

"కొండ మాటెత్తకు బేటా, సిగ్గేస్తంది," అన్నాడు భాయి. "మా అబ్బాజాన్ నాకు సెప్పేడు, నాను నీకు సెప్పేను. కొండని మాత్రం ఎవులూ అడగలేదు."

మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఎవరో స్విచ్చి కట్టేసినట్టు ఆగింది. వాన కూడా లేదు. షట్టరు ఎత్తి వీధిలోకి వచ్చాం. పొద్దున్న పచ్చగా ఉన్న కొండ సింహాచలంలో తలనీలాలిచ్చి వచ్చినట్టు బోడిగా నిలబడి ఉంది. చెట్టన్నది లేదు, ఉన్న మోళ్ళకి ఆకన్నది లేదు. వీధిలో జనం అప్పుడే సెల్‌ఫోన్లు తీసి ఫొటోలు దిగుతున్నారు. అయిపోయింది, అయిపోయింది అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

"ఇది సగమే," అన్నాడు భాయి. "బోటోళ్ళు సెప్తారు, గాలి తిరక్కుండా తుఫాను పోదంట. ఇంతసేపూ నేల మీంచి కొట్టింది. ఇప్పుడు సముద్రం మీంచి కొడతాది. ఎల్తే ఇప్పుడే ఎల్లాల. లేపోతే ఇంక ఎల్లకు."

అప్ప నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇప్పుడెల్లరా. నీకు దండవెడతాను. ఆయన రాత్రి నించి తిండి లేకుండా ఉన్నాడు. నువ్వెల్తేనే గదా ఆయనొచ్చేది!"

వెళ్ళాను. వీధి చివరిదాకా వెళ్ళాను. అక్కడ పెద్ద రావిచెట్టు వేళ్ళతో సహా రోడ్డుకి అడ్డంగా పడి ఉంది, దాని మీద కరెంటు తీగలు. పొద్దుటి నుంచి ఊళ్ళో కరెంటు లేదని నాకు తెలుసు. ఒక ముసలమ్మ కోడిని చంకన పెట్టుకుని, చీర ఎగగట్టి, నా ముందే ఆ చెట్టు ఎక్కి అటు దిగి వెళ్ళింది. వెళ్తూ నా వంక చూసింది కూడా. నేను కాసేపు నిలబడి వెనక్కి వచ్చి, "దారి లేదే," అన్నాను. అప్ప నా ముఖం చూసింది. పొద్దున్నది బద్ధకం, ఇది భయం. ముసలమ్మకీ కోడికీ లేని భయం నాకు వేసింది. దాన్ని ఇంకో పేరుతో పిలవడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను, కుదరలేదు.

కాసేపటికి భాయి చెప్పినట్టే గాలి తిరిగింది. పొద్దున్న వచ్చింది దీని ముందు పిల్ల గాలి. ఎదురింటి పిట్టగోడ మా కళ్ళముందే వీధిలో పడింది. అప్ప పెట్టెల మధ్య కూర్చుని రెండు చెవులూ మూసుకుంది. మూడింటి దాకా ఆమె నోరు తెరిచి ఒక్క దేవుణ్ణి కూడా పిలవలేదు.

అయిదు దాటాక, గాలి కాస్త నెమ్మదించాక, హార్బరు నుంచి ఒక బోటు మనిషి నడుచుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా బురద. "అమ్మా, మీ ఆయన్ని పెద్దాసుపత్రిలో సేర్సేం. పేణానికేటీ బయం లేదు. సెయ్యే నలిగిపోనాది," అన్నాడు.

ఆసుపత్రికి నడుస్తూ అతనే చెప్పాడు. ప్లాంటు పక్కన చేపల వేలం షెడ్డుంది. బోట్లవాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు, పిల్లలు అందరూ అందులోనే తలదాచుకున్నారు. రెండో గాలికి ప్లాంటు కప్పు మీది ఇనప కమ్మీలు పైపుల మీద కూలాయి. గ్యాసు బుస్సుమంది. పారిపోదామంటే బయట ఆ గాలి. అప్పుడు బావ గోనెసంచి తడిపి ముఖానికి చుట్టుకుని, నేల మీద పాక్కుంటూ వెళ్ళి మెయిన్ వాల్వు కట్టాడు. ఆఖరి చుట్టు తిప్పుతుంటే ఇంకో కమ్మీ జారి కుడి చేతి మీద పడింది.

"నడిమిద్దిలో గాలి ఆగినప్పుడు ఎల్లిపోవాల్సింది," అన్నాడు బోటు మనిషి. "గేటు కాడ నించుని రోడ్డు సూత్తన్నాడు. ఎల్లిపో అన్నా, మల్లీ తగులుకుంటాది అన్నాను. ‘మా బామ్మర్దొత్తాడు, ఆడికి అప్పసెప్పి ఎల్తాను’ అన్నాడు. నువ్వేనేటి ఆ బామ్మర్ది?"

నేనేనని చెప్పాను.

ఆసుపత్రి వరండాలో బావ నేల మీద పడుకుని ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి దాకా తెల్లటి మూట. అప్ప ఆయన పక్కన కూలబడి ఏడ్చింది. ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆరింటికే నీ పేరు రాసీసేను," అన్నాడు గొంతు తగ్గించి. "గ్యాసు కళ్ళలో పడి ఇప్పుడు సరిగ్గా ఆనడం లేదు గానీ, పుస్తకం ఇనప డబ్బాలో ఎట్టేను. తెల్లారగట్లే ఎల్లు. మేనేజరు రాకముందే సూసుకో. మిగిలింది రాసీ. తిన్నావేటి?"

మర్నాడు పొద్దున్నే కూలిన చెట్లన్నీ ఎక్కి దిగి ప్లాంటుకెళ్ళాను. ఆ రోజు మాత్రం దారి చక్కగా దొరికింది. ప్లాంటుకి గోడలున్నాయి, కప్పు లేదు. హార్బరులో బోట్లు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. ఇనప డబ్బా తెరిచి, పాలిథిన్ సంచిలోంచి పుస్తకం తీసి చదివాను. దానికో అక్షరం కలపకుండా ఇక్కడ రాస్తున్నాను. ‘6 గం. రిలీవరు వచ్చెను. డ్యూటీ అప్పగించితిని.’ కింద రెండు సంతకాలు, రెండూ ఆయన పెట్టినవే. తర్వాత, ‘7 గం. మీటర్లు సరి. 8 గం. కరెంటు పోయెను. 9 గం. కరెంటు లేదు. 10 గం. రేకు ఒకటి లేదు. 11 గం. రేకులు లేవు. 12 గం. గాలి లేదు. 1 గం. గాలి మరల వచ్చెను.’ అక్కడి నుంచి అక్షరాలు వంకర్లు తిరిగాయి. ఎడం చేత్తో రాశాడు. ‘2 గం. మెయిన్ వాల్వు కట్టితిని. 3 గం. గ్యాసు వాసన లేదు.’ తర్వాత ఏమీ లేదు, మూడింటి గడిలో ఎండిన రక్తం మరక ఉంది.

నా షిఫ్టులో మిగిలిన నాలుగు, అయిదు, ఆరు గంటల గడులు నేను నింపాను. ‘కరెంటు లేదు’ అని మూడుసార్లు రాసి సంతకం పెట్టాను. తుఫానులో నేను చేసిన డ్యూటీ అదే, మర్నాడు పొద్దున్న.

పెన్ను మూత పెడుతుండగానే మేనేజరు కాలినడకన వచ్చాడు. కప్పు లేని షెడ్డులో, చేతిలో పుస్తకంతో, తడిసిన బట్టలతో ఉన్న నన్ను చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "రాత్రంతా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. సిగ్గుతో దించుకున్న తలని ఆయన వినయం అనుకున్నాడు. పుస్తకం తిరగేసి, "ఇక్కడ రాత వంకరగా ఉందేం?" అనడిగాడు.

"తుఫానండి," అన్నాను.

"అవునవును," అన్నాడు.

తర్వాత ఊరు ఎలా ఉందో అందరికీ తెలిసిందే. పాలప్యాకెట్టు కోసం క్యూ, పెట్రోలు కోసం క్యూ, కొవ్వొత్తి కోసం క్యూ. ఎవణ్ణి కదిపినా వాడొక వీరగాథ చెప్పేవాడు. తలుపు గట్టిగా పట్టుకుని నిలబడ్డవాడు కూడా తుఫానునే ఆపినంత గర్వంగా చెప్పేవాడు. అన్నిటికంటే పెద్ద వీరగాథ నాదే, నేను చెప్పకుండానే చెప్పుకున్నారు. వేలం షెడ్డులో అంతమందిని కాపాడిన ఆపరేటరని ప్లాంటు ఓనరుకి తెలిసింది. కరెంటు వచ్చిన వారానికి ప్లాంటు ముందు షామియానా వేయించి, పేపరు వాళ్ళని పిలిచి, నాకు శాలువా కప్పించాడు. తంతే బూరెల బుట్టలో పడ్డాను. తుఫాను రోజు నన్ను ప్లాంటు దగ్గర చూడని బోటువాళ్ళు కొందరు ముఖముఖాలు చూసుకున్నారు. బావ వాళ్ళ వైపు తిరిగి వద్దన్నట్టు తలూపాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ముందు వరసలో కూర్చున్న బావకి చప్పట్లు కొట్టడానికి కట్లలోంచి రెండో చెయ్యి రాదు. ఎడం చేత్తో తొడ మీద కొట్టాడు, అందరికంటే గట్టిగా.

కట్లు విప్పాక తేలిందేమిటంటే, కుడి చేతికి రెండు వేళ్ళు లేవు, ఉన్నవి ముడవవు. వాల్వు తిప్పలేడు, పెన్ను పట్టలేడు. డ్యూటీలో దెబ్బ తగిలిన మనిషయితే కంపెనీ వైద్యం చేయించి, చేతనైన పని ఏదో చూపించాలి. మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "నువ్వు డ్యూటీలో ఉన్నావు. మీ బావ ఆరింటికే దిగిపోయాడు. ఆసుపత్రి చీటీలో దెబ్బ తగిలింది మధ్యాహ్నం అని ఉంది. నీ షిఫ్టులో ఆయనకి అక్కడేం పని?"

"నాకు సాయంగా ఉండిపోయాడండి," అన్నాను.

"ఎవరు ఉండమన్నారు? నువ్వా? అలాగైతే అది నీ మీదికొస్తుంది. నువ్వే సాక్షివి. ఏం జరిగిందో స్టేట్‌మెంటు రాసి, ఆయన చేత కూడా సంతకం పెట్టించి తీసుకురా."

ఆయన కుర్చీ వెనక గోడకి శాలువాతో నా ఫొటో వేలాడుతోంది. నోరు తెరిచాను. "అది కాదండి, అసలు ఆ రోజు..." అన్నాను.

"ఆ రోజు?" అన్నాడు మేనేజరు. తల తిప్పి ఫొటో చూసి, మళ్ళీ నన్ను చూశాడు. ఆయనకి తెలుసని అప్పుడు నాకు అర్థమైంది. తెలియకుండా ఉంటే తనకే మంచిదని ఆయనకి అర్థమైంది.

"ఏం లేదండి," అని కాయితాలూ ఆయనిచ్చిన ఇంకు ప్యాడూ తీసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం నీలం టార్పాలిన్ కింద, రేకులు పోయిన మా వాటాలో ముగ్గురం కూర్చున్నాం. తెల్లకాయితం పరుచుకుని, ‘ఆ ఆదివారం నేను డ్యూటీకి రాలేదు’ అని మొదటి ముక్క రాశాను. నిజంగానే రాశాను. బావ వంగి చదివి, ఎడం చేత్తో ఆ కాయితం లాగి నలిపేశాడు.

"నువ్వు రాలేదని రాత్తే నిన్ను తీసేత్తారు. దొంగ సంతకం ఎట్టేనని నన్నూ తీసేత్తారు. ఇద్దరం పోతే ఈ ఇంట్లో పొయ్యెలా లేత్తాది? నాను సెప్తాను, రాయి. ‘మా బావ డ్యూటీ దిగినాక, గాలికి బయపడి ఇంటికెల్లలేక షెడ్డులో తలదాసుకున్నాడు. అప్పుడు కమ్మీ పడింది.’ అంతే."

"నాను రాయను బావా," అన్నాను. గాలికి భయపడి తలదాచుకున్నవాణ్ణి నేను. నా పిరికితనం తెచ్చి ఆయన పేరు మీద రాయమంటున్నాడు. ఆయన ధైర్యం ఇప్పటికే నా పేరు మీద ఫొటో కట్టించుకుని గోడెక్కింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అంతసేపూ గోడకి ఆనుకుని కూర్చున్న అప్ప అప్పుడు నోరు విప్పింది. అరవలేదు, తిట్టలేదు. తుఫాను రోజు నుంచి ఆమె నాతో ఆ సంగతి ఎత్తడం అదే మొదలు.

"రాయరా," అంది. "ఆ దినం ఎల్లమని కాళ్ళట్టుకున్నంత పని సేసేను, ఎల్లలేదు. ఈ దినం రాయమంటన్నాం. ఇదైనా సెయ్యి."

రాశాను. బావ ఒక్కో ముక్కా చెబుతుంటే ఆయన నేర్పిన అక్షరాలతోనే రాశాను. చివర సాక్షి అని రాసి నా సంతకం పెట్టాను. ఎడం చేతి సంతకం చెల్లదు, వేలిముద్ర వేయించమని మేనేజరు ముందే చెప్పి ఇంకు ప్యాడు ఇచ్చి పంపాడు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి బొటనవేలు నేను పట్టుకుని, ఇంకులో అద్ది, కాయితం మీద ఒత్తాను.